ఒకే పక్క నుంచి రెండు పిలుపులు

కాశీబుగ్గలో రాజరత్నం ఇంట్లో పొద్దున్నే పొయ్యి మీద పాలు కాగే వేళకి అందరికీ దోర్కాసే కావాలి. హాల్లో మంచం మీద కూర్చున్న అత్త మిరియంకి కళ్ళజోడు కావాలి. ఆ మంచం పక్కనే అద్దం ముందు నిలబడ్డ మొగుడు రాజరత్నానికి చొక్కా గుండీ కావాలి. పాలకి కూడా ఆమె కావాలి గానీ వాటికి నోరు లేదు కనక పిలవవు. మిగతా ఇద్దరూ పిలుస్తారు. ఒకరి తర్వాత ఒకరు పిలిస్తే పేచీ లేదు. ఇద్దరూ ఒకే ఊపిరిలో పిలిచారంటే దోర్కాస్ ఆగిపోతుంది.

ఆగిపోవడమంటే పని మానేసి నిలబడటం కాదు. ఉన్నది ఉన్నట్టు ఆగడం. చేతిలో గరిటె, గరిటె నుంచి జారే చుక్క, గిన్నె అంచు దాటబోయే పాలు, కింద మంట అన్నీ ఆమెతో పాటే నిలిచిపోతాయి. ఆమె చెయ్యి చాపితే అందేంత మేరలో ఏదున్నా, ఎవరున్నా అంతే. ఆ మేర దాటితే లోకం మామూలే. వీధిలో ఆటోలు పోతుంటాయి, జీడిపప్పు ఫ్యాక్టరీల పొగ వాసన వస్తూనే ఉంటుంది. పిలిచిన ఇద్దరిలో ఎవరో ఒకరు 'నాది తర్వాతలే' అనాలి. అప్పుడు చుక్క కింద పడుతుంది, దోర్కాస్ రెండోవాళ్ళ వైపు తిరిగి ఏమిటని అడుగుతుంది.

వీధిలో ఈ సంగతి అందరికీ తెలుసు. పాల ప్యాకెట్లు తెచ్చే మనిషి కిటికీలోంచి చూసి, ఆగిపోయిందా అని అడిగి, ప్యాకెట్టు గుమ్మంలో పెట్టి తన దారిన పోతాడు. పిల్లలు సరదాకి జంటగా పిలిచి చూశారు గానీ ఉత్తుత్తి పిలుపులకి ఆమె ఆగదు. పిలిచినవాళ్ళకి నిజంగా ఆమెతో పని ఉండాలి.

చిక్కంతా వెనక్కి తగ్గే దగ్గరే వచ్చేది. పెద్దదాన్ని, నేనెందుకు తగ్గాలని మిరియం. షాపు తెరిచే టైమయింది, నేనెలా తగ్గుతానని రాజరత్నం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తల్లీ కొడుకులు అలా వాదించుకుంటూ ఉంటే దోర్కాస్ పాలగిన్నె ముందు అరగంట నిలబడిపోయిన రోజులున్నాయి. ఆ అరగంటలు తన వయసులో కలవవని, కొన్నాళ్ళకి మొగుడికన్నా బాగా చిన్నదాన్నయిపోతానని ఆమె నవ్వుతూ అనేది. నవ్వేది గానీ మనసులో ఆ ఆగిపోవడమంటే ఆమెకి ఎంత సిగ్గో ఎవరికీ చెప్పలేదు.

ఆమె నర్సింగు చదువుకుంది. పెళ్ళికి ముందు శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో కొన్ని నెలలు పని చేసింది కూడా. వార్డన్నాక ఒకరు పిలిచి ఊరుకుంటారా? వరసగా మంచాలు, మంచానికో పిలుపు. రోజుకి నాలుగైదుసార్లు ఆగిపోయేది. ఆమె చేతిలోని సెలైను చుక్క కూడా గొట్టంలోనే నిలిచిపోయేది. హెడ్ నర్సు మంచావిడే. ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని, నీ తప్పు కాదమ్మా, కానీ వార్డుకి నువ్వు పనికిరావు అని చెప్పింది. అప్పటినుంచి తెల్ల యూనిఫాం ట్రంకు పెట్టెలోనే ఉంది. చర్చిలో ఆమె కోసం ఉపవాస ప్రార్థనలు జరిగాయి. మెల్లగా పిలవండి, ఆగి పిలవండి అని పాస్టరుగారు ఇంట్లోవాళ్ళకి నచ్చజెప్పారు. ఏదీ పనిచెయ్యలేదు. తన తయారీలోనే ఏదో లోపముందని దోర్కాస్ నమ్మేసింది.

రాజరత్నానికి స్టేషను రోడ్డులో చిన్న కంప్యూటరు రిపేరు షాపుంది. ఒక శనివారం కవిటి నుంచి డాక్టర్ సూర్యప్రకాష్ ఫోను చేశాడు. కొబ్బరితోటల మధ్య ఒక ట్రస్టు నడిపే నాలుగు పడకల డయాలసిస్ సెంటరు ఆయనది. అక్కడ నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు ఎవరో దాత ఇచ్చిన పాతది. దాన్ని నడిపే కంప్యూటరు ఇంకా పాతది. ఆ ప్లాంటు సాఫ్ట్‌వేరు కొత్త కంప్యూటర్లలో ఎక్కదు కనక ఆ ముసలిదాన్నే కళ్ళలో పెట్టుకుని కాపాడుతున్నారు. అది నెలరోజులుగా ఉండి ఉండి బిగుసుకుపోతోంది. బిగుసుకుందంటే ప్లాంటు తనంతట తనే నీళ్ళు కట్టేస్తుంది. నీళ్ళు లేకపోతే డయాలసిస్ లేదు. సోమవారం పొద్దున్నే రోగులొస్తారు, ఈలోగా బాగవకపోతే వాళ్ళని ఎక్కడికి పంపాలో తెలీటం లేదని డాక్టరు చెప్పాడు.

ఆదివారం ఆరాధన కాగానే రాజరత్నం బండి తీశాడు. టార్చి పట్టుకోవడానికి ఒక మనిషుంటే బాగుంటుందని దోర్కాస్ తానే వెనక ఎక్కింది. టార్చి వంక మాత్రమే. వార్డు వాసన పీల్చి ఎన్నేళ్ళయిందో అని ఆమె మనసు కొట్టుకుంటోంది.

సెంటరుకి ఆ రోజు సెలవు. డాక్టరు ఒక్కడే ఉన్నాడు. రాజరత్నం కేబినెట్ విప్పి ముందు దుమ్ము ఊదాడు. ర్యామ్ ముక్క బయటికి లాగి స్కూలు పిల్లలు వాడే రబ్బరుతో దాని పళ్ళు రుద్దాడు. సగం రోగాలు ఆ రబ్బరుతోనే పోతాయని అతని నమ్మకం. ఈ రోగం పోలేదు. సాఫ్ట్‌వేరు తీసి మళ్ళీ ఎక్కించాడు. పావుగంట బాగానే నడిచి మళ్ళీ బిగుసుకుంది. అతను నేల మీద చతికిలబడి చెమట తుడుచుకున్నాడు. డాక్టరు వరండాలో పచార్లు మొదలుపెట్టాడు. ఉన్న నర్సు కూడా విశాఖ వెళ్ళిపోయిందని, మనుషులూ దొరకడం లేదు, మిషన్లూ పని చెయ్యడం లేదని తనలో తను అనుకున్నట్టే అన్నాడు. దోర్కాస్ టార్చి వెలుగు కేబినెట్ దాటి ఆయన వైపు తిరిగింది.

రాజరత్నం ఈసారి కంప్యూటరు లేచేటప్పుడు నల్లటి తెర మీద పరుగెత్తే అక్షరాలని ఆపి చదివాడు. చదివి తన తొడ మీద తనే ఒక్కటిచ్చుకున్నాడు.

"నాదే తప్పు," అన్నాడు.

నెల కిందట ఆ కంప్యూటర్లో నెట్‌వర్క్ కార్డు పెట్టింది అతనే. నీళ్ళ లెక్క డాక్టరు ఫోనుకి చేరాలని అడిగితే పెట్టాడు. మదర్ బోర్డు మీద కార్డులు గుచ్చే స్లాట్లు అయిదున్నాయి. మొదటి దాంట్లో ప్లాంటుని నడిపే కార్డుంది. రెండు కార్డులు దగ్గరగా ఉంటే వేడెక్కుతాయని, ఎడంగా ఉంచడం మెకానిక్కుల ఆనవాయితీ. అందుకని కొత్తదాన్ని చిట్టచివరి స్లాట్లో గుచ్చాడు. అదే కొంప ముంచింది.

దోర్కాస్ అడిగితే విప్పి చెప్పాడు. ప్రతి కార్డూ పనిబడ్డప్పుడల్లా కంప్యూటరు మెదడైన ప్రాసెసర్ని ఇలా చూడమని పిలుస్తుంది. ఆ పిలుపు వెళ్ళడానికి దారులున్నాయి. స్లాట్లయితే అయిదు గానీ ఈ బోర్డులో వాటి పిలుపు దారులు నాలుగే. అయిదో స్లాటుకి సొంత దారి లేక మొదటి స్లాటు దారిలోనే పోతుంది. కొత్తరకం కార్డులయితే ఒకే దారిలో సర్దుకుపోతాయి. ఇలాంటి పాతవి సర్దుకోవు. రెండూ ఒక్కసారి పిలిస్తే ప్రాసెసర్‌కి ఎవరు పిలిచారో తెలియక నిలబడిపోతుంది. మాట చెబుతూనే అతను కార్డు లాగి మూడో స్లాట్లో నొక్కి, కంప్యూటరు ఆన్ చేశాడు. తెర మీద రెండు కార్డులకీ వేరు వేరు దారి నంబర్లు కనపడ్డాయి.

గంట గడిచింది. బిగుసుకోలేదు. ప్లాంటులో నీళ్ళ చప్పుడు సాగుతూనే ఉంది.

"అయితే ఆ కార్డులు సెడిపోనేదా బావా?" అంది దోర్కాస్.

"నేదు. రెండూ మంచివే. కూకున్న సోటే మంచిది కాదు."

ఆమె టార్చి ఆర్పలేదు. పట్టపగలు గోడ మీద వెలుగు పడుతూనే ఉంది. ఆ వెలుగునే చూస్తూ అడిగింది.

"సర్చిలో నాను ఏనాడైనా ఆగిపోనానేటి?"

అది దేవుడి సన్నిధి కదా అన్నాడు రాజరత్నం. అందరూ అనుకునేదీ అదే.

"సన్నిధే, కాదన్ను. కానీ అక్కడ మగోల్లు కుడేపు కూకుంతారు, ఆడోల్లు ఎడమేపు కూకుంతారు. నువ్వొక పక్కనుంచి పిలుత్తావు, అత్త ఒక పక్కనుంచి పిలుత్తాది. ఇంట్లో అయితే ఇద్దరూ ఆ హాల్లోంచే పిలుత్తారు." టార్చి ఆర్పింది. "ఇన్నాళ్ళూ నాలో ఏటో లోపమున్నాదనుకున్నాను బావా."

రాజరత్నం స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. పాతికేళ్ళుగా కార్డులు మార్చి బతుకుతున్నవాడికి సొంత ఇంట్లో ఆ ఆలోచన రాలేదు. మనుషుల్ని మార్చాలని చూశారే గానీ మంచాన్ని మార్చాలని ఎవరికి తోచింది?

ఆ సాయంత్రమే అతను తల్లి మంచాన్ని వెనక వరండాలోకి మార్చబోయాడు. మిరియం మంచం కోడు పట్టుకుని కూర్చుంది. వీధి కనపడే చోటు వదిలి తనెక్కడికీ రానంది. కంప్యూటర్లో కార్డులూ స్లాట్లూ అంటూ కొడుకు మొదలుపెడితే సగంలోనే ఆపేసింది.

"నన్ను తీసి ఇంకోకాడ గుచ్చడానికి నానేటి నీ కార్డుముక్కనేటిరా?"

చివరికి అద్దమే వెనక వరండాలోకి వెళ్ళింది. రాజరత్నం బొగ్గుల బస్తా పక్కన నిలబడి తల దువ్వుకోవాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున్న హాల్లోంచి తల్లీ, వరండాలోంచి కొడుకూ ఒకే ఊపిరిలో దోర్కాస్‌ని పిలిచారు. పాలు పొంగాయి. దోర్కాస్ మంట తగ్గించింది. ముందు ఎడమకి తిరిగి వస్తున్నానంది, తర్వాత కుడికి తిరిగి వస్తున్నానంది. అని, పొయ్యి దగ్గరే కూలబడి చంటిపిల్లలా ఏడ్చింది. ఎందుకేడుస్తోందో అడగబోయి అర్థమయ్యి, మిరియం తన కళ్ళజోడు తనే వెతుక్కుంది.

ఇల్లలకగానే పండగవుతుందా? వంటింటికి ఇద్దరే, వార్డుకి ఎంతోమంది. దోర్కాస్ తానే కవిటి వెళ్ళి డాక్టరుకి ఉన్నదంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని ఒక్కటే అడిగాడు, ఎన్ని పక్కల నుంచి పిలిస్తే తట్టుకోగలవని. ఇంటి దగ్గర అన్ని రకాలుగా పరీక్షించి చూసుకునే వెళ్ళింది ఆమె. ముందు, వెనక, కుడి, ఎడమ, పక్కకి ఒకరు చొప్పున నాలుగు. సెంటరులో పడకలూ నాలుగే. ఒక్కో గోడకి ఒక్కో మంచం జరిపి, నడిమధ్య ఆమె బల్ల వేశారు. రోగి తాలూకు మనిషి ఆ రోగి మంచం దగ్గరే కూర్చోవాలి, గది అడ్డంగా దాటి కబుర్లకి పోకూడదని నియమం పెట్టారు. ఉద్యోగమిస్తూ డాక్టరు మొహమాటం లేకుండా ఒక మాట చెప్పాడు. డ్యూటీలో ఒక్కసారి ఆగిపోయినా ఉంచలేనని. ఇక్కడ రక్తంతో పని కదా, ఆయనన్నదాంట్లో అన్యాయమేమీ లేదు. దోర్కాస్ సరేనని ట్రంకు పెట్టె తెరిచింది.

వానాకాలమంతా గడిచింది. ఆమె ఒక్కసారీ ఆగలేదు. నాలుగు మిషన్లూ ఒకేసారి కూసినా నాలుగు వైపులా నాలుగు చూపులు చూసి, ముందెవరో తర్వాతెవరో తేల్చుకునేది. రోగులకి ఆమె అలవాటయింది, ఆమె ఆగిపోయే సంగతీ తెలిసింది. తూర్పు గోడ మంచం మీద అప్పలనరసమ్మ వారానికి మూడుసార్లు వచ్చేది. సముద్రం ఒడ్డు పల్లెలో చేపలమ్మి బతికిన మనిషి, గొంతు విప్పితే వార్డంతా సంతే. కొడుకు గోవింద్ పడవ పని వదులుకుని ఆమెని తీసుకొచ్చేవాడు. దక్షిణపు గోడ మంచం దాలయ్యది. అతని భార్య గౌరి మాత్రం స్టూలు మీద కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేది. మొగుడికి తప్ప తనకంటూ ఏదీ అడగని మనిషి. ఎప్పుడూ చీర కుచ్చిళ్ళు పాదాల మీదికి లాక్కుని కూర్చునేది.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం జరిగింది అసలు సంగతి. డాక్టరు పక్క ఊళ్ళో క్యాంపుకి వెళ్ళాడు. రెండు పడకలు ఖాళీ. దాలయ్య డయాలసిస్ ముగిసి, సూదులు తీయించుకుని, కట్టు కట్టించుకుని నిద్రపోతున్నాడు. అప్పలనరసమ్మ ఏదో వెక్కిరింపు మాట చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేసింది. మొహం పాలిపోయింది. బీపీ పడిపోతోంది. దోర్కాస్ మిషను నీరు లాగకుండా ఆపింది, కాళ్ళ వైపు మంచం ఎత్తింది, సెలైను ఎక్కించింది, ఆక్సిజన్ పెట్టింది. చేతిలో ఉన్న విద్యంతా అయిపోయింది. నాడి ఇంకా సన్నబడుతూనే ఉంది. ఇక ఇవ్వాల్సిన ఇంజెక్షను డాక్టరు చేతి మీదగా ఇవ్వాల్సింది. ఆయనకి ఫోను చేస్తే రైలు గేటు పడిందని, గూడ్సు బండి పట్టాల మీదే ఆగిపోయిందని చెప్పాడు. అప్పలనరసమ్మకి అంత వ్యవధి లేదని దోర్కాస్‌కి వేళ్ళ కింద తెలుస్తోంది.

గోవింద్ మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. దోర్కాస్ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఉద్యోగం పోతుందని గుర్తొచ్చింది, బాధేసింది కూడా. అయినా అప్పలనరసమ్మ చెయ్యి వదల్లేదు.

"గోవిందూ, నువ్వు ఆ తలుపు కాడికి పో. గౌరీ, నువ్వూ పోయి ఆడి పక్కనే నిల్సో. ఇద్దరూ ఒక్కపాలే నన్ను పిలవండి. డాక్టరుగారు వొచ్చినాక ఒకరు ఎనక్కి తగ్గండి. అందాకా ఇటేపు రాకండి."

గౌరి అక్కడే నిలబడిపోయింది. "నాకు నీతో పనేటీ నేదు గదమ్మా. ఉత్తినే పిలిత్తే సెల్లదంతారు గదా."

"ఏటో ఒకటి ఉంతాది. పిలువు."

గోవింద్, గౌరి తలుపు దగ్గర పక్కపక్కన నిలబడ్డారు. అతను నర్సమ్మా అన్నాడు, ఆమె కూడా నర్సమ్మా అంది. ఒకే ఊపిరిలో.

దోర్కాస్ ఆగిపోయింది. ఆమె చేతిలో అప్పలనరసమ్మ మణికట్టు, గొట్టంలో ఎర్రటి నెత్తురు, మిషను మీద దిగిపోతున్న అంకె, అన్నీ అక్కడికక్కడ నిలిచాయి. అప్పలనరసమ్మ ప్రాణం కూడా పోయే దారిలో ఆగింది.

బయట కొబ్బరాకులు గాలికి కొట్టుకుంటున్నాయి. ప్లాంటులో నీళ్ళ చప్పుడు వినపడుతోంది. గోవింద్ తల్లినే చూస్తూ నిలబడ్డాడు, ఒక్క అడుగు ముందుకెయ్యాలని ఉన్నా వెయ్యలేదు. గౌరి అతన్ని చూడలేదు, అతని తల్లిని చూడలేదు. తన పిలుపు చెల్లిందేమిటా అని నేల చూపులు చూస్తూ ఉండిపోయింది.

డాక్టరు మోటారుబండి దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. గుమ్మంలో ఒకసారి అంతా చూసి, ఎంతసేపయిందని మాత్రం అడిగాడు. ఆ మేర అవతలే నిలబడి ఇంజెక్షను సిరంజిలోకి ఎక్కించుకున్నాడు, కావలసినవన్నీ ట్రేలో సర్దుకున్నాడు. సర్దుకుని, ఇక తగ్గమన్నాడు. గోవింద్ నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. తల్లి ఆ స్థితిలో ఉంటే తన పని తర్వాతని ఏ కొడుకు అనగలడు?

"నాది తర్వాత లెమ్మా," అంది గౌరి.

దోర్కాస్ గోవింద్ వైపు తిరిగి ఏటి బాబూ అనేలోపే డాక్టరు మంచం దగ్గరున్నాడు. తర్వాతదంతా గబగబా జరిగింది. సాయంత్రానికి అప్పలనరసమ్మ కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. కొలిచి ఇస్తే, సముద్రం ఒడ్డునుంచి వచ్చినదానికి ఇంతేనా అని గొణిగింది. గోవింద్ గోడవైపు తిరిగి ఏడ్చాడు. డాక్టరు చేతులు కడుక్కుంటూ, రేపు కొంచెం పెందరాళే రమ్మని దోర్కాస్‌కి చెప్పాడు. ఉద్యోగం గురించి అదే మాట, అంతకుమించి లేదు.

దోర్కాస్ ఒక స్టూలు లాక్కుని గౌరి ముందు కూర్చుంది.

"ఉత్తినే పిలిత్తే నాను ఆగను గౌరీ. నీకు నాతో పనున్నాది. ఏటది?"

 గౌరి నిద్రపోతున్న మొగుడి వైపు చూసింది, అతను లేవలేదని నిశ్చయించుకుంది. అప్పుడు చీర కుచ్చిళ్ళు రెండంగుళాలు పైకెత్తింది. పాదాలు నున్నగా ఉబ్బి ఉన్నాయి.

"ఆయనకి నానొక్కదాన్నే గదమ్మా," అంది. "నాకూ ఉన్నాదని తెలిత్తే ఇద్దర్నీ ఎవలు సూత్తారు? అందుకే అడగనేదు."

దోర్కాస్ స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, నరం కోసం వేలితో తడిమింది.

కిడ్నీల రోగం మొదట్లోనే దొరికింది. ఇంకో ఏడాది ఆగి ఉంటే మాత్రం చెయ్యి దాటిపోయేదని డాక్టరు అన్నాడు. గౌరి ఇప్పుడు మాత్రలు వేసుకుంటోంది, ఉప్పు మానేసింది. వారానికి మూడుసార్లు దాలయ్యని ఆటోలో తీసుకొచ్చి అతని మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. తనకి మంచం వెయ్యాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు.